పటేలు మేజకు అంచు కొట్టింది నేనే

మొన్న మా మనవరాలి ఇంట్ల తిండి మేజ చేయిస్తుంటె ఆ మిషిను చప్పుడుకు నా చెవులు గుయ్యిమన్నయి. రెండు చేతుల నడుమ ఇమిడేంత మిషిను. దాని మూతికి చిన్న ఇనుప బిట్టు. ఆ బిట్టు గిర్రున తిరుగుతుంటె మేస్త్రి దాన్ని బల్ల అంచు పొంట నడిపిచ్చుకుంట పోయిండు. నేను నోట్లె వేసుకున్న వక్క నలగకముందే అంచు నున్నగ, గుండ్రంగ, కిందికి వంపు తిరిగి తయారయ్యింది.

"అవ్వా, జర అవుతలికి జరుగు. కండ్లల్ల దుమ్ము వడ్తది" అన్నడు మేస్త్రి.

"నా కండ్ల ఫికరు నీకెందుకు గని, ఏ దిక్కు నుంచి మొదలువెట్టినవు?"

"అడ్డం కొసలు ముందు కొట్టిన అవ్వా. పొడుగు అంచులు తర్వాత."

సరే, పని వచ్చినోడే. కింద పడ్డ పొట్టు చేతిలకు తీస్కొని చూసిన. బియ్యప్పిండి లెక్క ఉన్నది. గాలికి లేస్తది, పొయ్యిలకు పనికిరాదు. అంత మంచి కట్టెను అట్ల పిండి చేసుడు నాకైతె నచ్చలే. కని ఆ పిండిల వాసన ఉన్నది చూడుండ్రి, టేకు వాసన, కొత్త తోలు చెప్పుల లెక్క జర ఘాటుగ, జర తియ్యగ, అది ముక్కుకు తాకంగనె నాకు మా బాపు కొట్టం కండ్ల ముంగట నిలవడ్డది.

"అడ్డం ముందు కొట్టాలెనని నీకెట్ల ఎరుక అమ్మమ్మా?" అని మనవరాలు నవ్వింది.

కూసొని చెప్తె వీల్లు సగం వింటరు, సగం ఫోన్ల చూస్తరు. అందుకే రాస్తున్న. నేను బడికి పోయింది రెండేండ్లే. ఉర్దూ బడి పోయి తెలుగు బడి వచ్చిన కొత్తల నాలుగు అక్షరాలు నేర్సుకున్న, ఆ తర్వాత నన్ను గొడ్ల వెంట తోలిండ్రు. అక్షరం తప్పుంటె దిద్దుకొని సదువుకోండ్రి. సంగతిల మాత్రం తప్పు లేదు.

మాది వడ్లోల్ల ఇల్లు, కట్టె పని చేసేటోల్లం. చొప్పదండికి పొద్దుగాల బయలెల్లితె ఎండ ముదరకముందే చేరేటంత దూరంల ఊరు. ఇంటి ముంగట పని చేసే కొట్టం. పైన గడ్డి కప్పు, మూడు దిక్కుల తడకలు, బాట దిక్కు ఖాళీ. నాగలి మేడి ఇరిగినోడు, గుంటుక వదులైనోడు, బండి చక్రం ఊగుతున్నోడు, ఏ పని లేనోడు, అందరు అక్కడికే వచ్చి కూసునేది. చుట్టలు కాల్చుకుంట కొత్త సర్కారు సంగతి మాట్లాడేది. నిజాం నాటి హాలి పైసలు ఇగ చెల్లయంట, పటేండ్ల పెత్తనం పోతదంట, పోదంట. ఎవ్వనికీ ఏదీ సక్కగ తెల్వది, అందరూ తెలిసినట్టే చెప్పుదురు.

కొట్టంల సరేసు ఉడికినప్పుడు వచ్చే కంపుకు బాటెంబడి పోయేటోల్లు ముక్కు మూసుకునేది. పశువుల తోలు, ఎముకలు ఉడికిచ్చి చేసిన బంక అది, వాసన ఎట్లుంటది మరి! కని పిల్లలకు ఆ కంపంటె పండుగే. సరేసు పొయ్యి మీదికి ఎక్కిందంటె నాగలి పని గాదు, చెక్కకు చెక్క అతికిచ్చి కొత్త సామాను ఏదో చేస్తుండ్రన్నట్టు. కట్టెను చిత్రిక పట్టే పలక రందా మీద నుంచి చుట్టలు చుట్టలుగ లేసే పొట్టును మేము చేతులకు గాజుల లెక్క తొడుక్కునేది. చెవులకు తగిలిచ్చుకొని దొరసాని నడక నడిచేది. అవ్వ, అంటె నన్ను కన్నతల్లి, ఉరికొచ్చి వీపు మీద ఒకటిచ్చి, "పొయ్యిలకు పనికొచ్చేది ఇరగ్గొడ్తుండ్రా?" అని గోనె సంచిల కుక్కుకొని పోయేది. నాకు ఈ పొదుపు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు మీకు తెలిసి ఉంటది.

బాపుకు ఇద్దరు అన్నదమ్ముల్ల పెద్దరికం. తమ్ముడు, అంటె మా కాక, ఊరు దాటి పోలే. నాగండ్లు, బండ్లు చేసుకుంట ఊర్లనే ఉన్నడు. బాపు మాత్రం వయసుల ఉన్నప్పుడు బెల్లంపల్లికి పోయి, బొగ్గుబాయిల పెద్దదొరలుండే బంగ్లాలల్ల కుర్చీలు, మేజలు చేసే పని నేర్సుకున్నడు. అక్కడ ఒక ముసలి సాయిబు మేస్త్రి బాపుకు ఉస్తాదు. ఆ ఉస్తాదు కండ్లు కనవడక పని ఇడిసినప్పుడు తన అంచు రందాను బాపు చేతుల పెట్టిండంట. బాపు దాన్ని, దాంతోని పాటు చలిజరాన్ని మూట కట్టుకొని ఇంటికి వచ్చిండు. జరం రోజు ఇడిసి రోజు వచ్చేది. వచ్చిందంటె రెండు గొంగల్లు కప్పినా మంచం గడగడ వణికేది.

ఆ అంచు రందా గురించి చెప్పాలె. మామూలు రందా కట్టెను చదునుగ చేస్తది. ఇది అట్లగాదు. దీని అడుగు వంపులు తిరిగి ఉంటది, లోపల ఇనుము గూడ అదే వంపుల సానవెట్టి ఉంటది. దీన్ని మేజ అంచు మీద నడిపిస్తె పైన ఒక సన్న మెట్టు, మెట్టు కింద గవ్వ వీపు లెక్క ఉబ్బు, ఉబ్బు కింద లోపలికి ఒక వంపు దిగుతయి. మొదలు ఏమీ కనవడది. గీత వడ్డట్టు వడి పోతది. నడిపిచ్చుకుంట, నడిపిచ్చుకుంట పోతె కట్టెల నుంచి అంచు మెల్లగ బయటికి వస్తది. ఆ చుట్టుపక్కల ఊర్లల్ల అసొంటి రందా మా ఇంట్లనే ఉండె.

కొట్టం ఊడ్సేది నేను. సామాను జరిపేది నేను. కని పనిముట్టును చేతిల పట్టొద్దు, దాటొద్దు. ఇది మా బాపమ్మ హుకుం. బాపమ్మ అంటె బాపు తల్లి, ఇంటికి ఆమె మాటే చట్టం.

"ఆడపిల్ల ముట్టుకుంటె ఇనుము పదును పోతది" అనేది.

"మరి కూరగాయలు కోసే కత్తిపీట పదును ఎందుకు పోతలేదు బాపమ్మా?" అని ఒకసారి అడిగిన.

చీపురు తిరగేసి కొట్టింది. జవాబు మాత్రం ఇయ్యలే. ఇప్పటిదాక ఎవ్వరూ ఇయ్యలే.

బాపుకు ఉన్నది ఆడపిల్లనే, నేనొక్కదాన్నే. చలిజరం లేని రోజుల్ల బాపు నులక మంచం కొట్టంల ఏసుకొని కూసునేది. అన్నం తినేటందుకే బలం చాలేది కాదు, టేకు మీద రందా ఎక్కడ నూకుతడు? నేను జొన్న గట్క, పచ్చిపులుసు తీస్కొని పోయినప్పుడు, "బిడ్డా, ఆ ఇనుము జర బయటికొచ్చిందేమో చూడు, వెనకనుంచి చిన్నగ సుత్తెతోని తట్టు" అనేది. తట్టేదాన్ని. "ఆ కట్టె మీద నడిపియ్యి." నడిపిచ్చేదాన్ని. మొదటి రోజు రందా ఎగిరెగిరి పడ్డది. "బలముతోని నూకకు, బరువుతోని నూకు. ఇసుర్రాయి తిప్పుతవు గద, చెయ్యితోని తిప్పుతవా, నడుముతోని తిప్పుతవా?" అన్నడు బాపు. అంతే, నాకు సమజయ్యింది. జొన్నలు ఇసిరిన చేతులకు రందా బరువు ఒక లెక్కనా?

బాపమ్మ చెల్కకు పోయినప్పుడే నా పని. రందా అడుగు జారాలంటె నూనె కావాలె. ఇంట్ల ఉన్న నూనె అంటె బాపమ్మ తలకు రాసుకునే ఆముదమే. ఉట్టి మీది ముంతల నుంచి రోజూ ఇంత గుడ్డకు అద్దుకొని పోయేదాన్ని. బాపమ్మ ముంతల వేలు ముంచి చూసుకొని అవ్వ మీద గయ్యిమనేది: "ఓ పిల్లా, నా ఆముదం నీ నెత్తికి పట్టించుకుంటున్నవా? నీ కొప్పు నిగనిగ అంటున్నది!" అవ్వ తలొంచుకొని నవ్వుకునేది. అవ్వకు అంతా తెలుసు. ఒక్క మాట బయటవెట్టలే.

ఇగ మా ఇంట్ల ఒక రివాజు ఉండె. దసర నాడు పనిముట్లన్ని కడిగి, పసుపు పూసి, కడిగిన పలక మీద వరుసగ పేర్సి మొక్కుతరు. అందరి లెక్క ఒక్కరే బొట్లు పెట్టుడు గాదు. ఏ పనిముట్టుతోని ఎవ్వలు పని చేస్తరో వాల్లే దానికి కుంకుమ పెట్టాలె. ఎవ్వల బొట్టు ఉంటె ఆ పనిముట్టు ఆ యాడాది వాల్లది. పెద్దోల్లు చేతగాక ఇడిసిన పనిముట్టుకు చిన్నోల్లు మొదటిసారి బొట్టు పెట్టిండ్రంటె అది ఇగ వాల్లదైపోయినట్టే.

అంచు రందాకు ఆ దసర నాడు బొట్టు తనే పెడ్తనని కాక వానకాలం నుంచే చెప్పుకుంట తిరుగుతున్నడు. కాకను నేను చెడ్డోడు అనను. బాపు బెల్లంపల్లిల ఉన్నన్ని రోజులు ఈ ఇంటికి గింజలు తెచ్చింది కాకనే. ఆ మాట మా ముంగట ఎన్నిసార్లు అన్నడో, అన్నిసార్లు నిజమే అన్నడు. కని తిండి పెట్టినోడు చేతిల పని గూడ గుంజుకోవాలెనా? అది నా మనసుకు ఎక్కలే. కాకకు అంచు కొట్టుడు వస్తె నాకు బాధ లేకపోవు. రాదు. నాకు వస్తది. గదే నా లొల్లి.

అప్పుడే మా ఊరి పటేలు మేజ చెయ్యుమని కబురు చేసిండు. దసరకు తాసిల్దారు భోజనానికి వస్తుండంట. కింద కూసొని తినేటోడు గాదంట. బెల్లంపల్లి బంగ్లాలల్ల ఉన్నసొంటి మేజ కావాలె, అంచుకు నగిషీ ఉండాలె అన్నడు. టేకు చెక్క ఆయన కొట్టం నుంచే వచ్చింది, ఏండ్ల తరబడి ఎండిన చెక్క. బాపు జరం లేని రోజుల్ల కూసొని చెక్కలు జత చూసిండు, కాక రంపం పట్టిండు, నేను సరేసు పొయ్యి ఊదిన. కాళ్లు తయారైనయి, పై బల్ల తయారైంది. ఇగ మిగిలింది అంచు.

అది సద్దుల బతుకమ్మకు ముందటి రోజు. వాడకట్టు ఆడపిల్లలంత తంగేడు పువ్వుకు, గునుగు పువ్వుకు చెల్కల పొంట పోయిండ్రు. బాపుకు జరం వచ్చే రోజు. లోపల గొంగడి కింద పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. కాక బల్లను కొట్టంల రెండు మొద్దుల మీద పెట్టి అంచు రందా చేతిలకు తీస్కున్నడు.

నేను చీపురు పట్టుకొని గడప కాడ నిలవడ్డ. కాక ముందు పొడుగు అంచు కొట్టిండు. బాగనే వచ్చింది, నేను అబద్ధం చెప్ప. పొడుగు అంచు కట్టె నార పొంట పోతది, ఎవ్వలు కొట్టినా వస్తది. అది అయినంక అడ్డం కొసకు మల్లిండు.

"కాకా, ఆగు! అడ్డం ముందు కొట్టాలె. ఇప్పుడు కొడితె మూల లేస్తది!" అని ఒర్లిన.

కాక తిరిగి చూసిండు. "ఏందే? నాకు నేర్పుతున్నవా? నీ వయసు కంటె ఎక్కువ బండ్లు చేసిన చెయ్యిది. పో, పువ్వుకు పో."

కాక తప్పు ఎక్కడున్నదో చెప్త. నాగలికి, బండికి ఎప్పుడూ నార పొంటనే చెక్కుతరు. నారకు అడ్డంగ రందా నడిపిచ్చే అక్కెర వాల్లకు రాదు. అడ్డంగ నడిపిస్తె రందా కొసకు పోయేవరకు అక్కడ నారను ఆపేటిది ఏదీ ఉండది, మూల పటుక్కున లేస్తది. అందుకే అడ్డం కొసలు ముందు కొట్టాలె. మూల జర లేసినా, తర్వాత పొడుగు అంచు కొట్టేటప్పుడు ఆ లేసిన కట్టె చెక్కుల పోతది. పొడుగు ముందు కొట్టినవంటె, లేసింది లేసినట్టే నీ మొఖం చూస్తది.

లేసింది. బొటనవేలు గోరంత ముక్క టప్పున ఎగిరి నా కాళ్ల కాడ పడ్డది.

కొట్టంల కూసున్న ఇద్దరు ముసలోల్లు చుట్టలు నోట్ల నుంచి తీసిండ్రు. కాక మొఖం నల్లగైంది. చెల్క నుంచి అప్పుడే వచ్చిన బాపమ్మ, "ఏమైంది కొడుకా?" అన్నది.

కాక నా దిక్కు వేలు చూపిచ్చిండు. "ఇది ముట్టుకున్నది! నాకు ఎరుకే, అన్న దీంతోని రందా పట్టిస్తుండు. ఆడపిల్ల చెయ్యి తాకింది, ఇనుము కోపానికి వచ్చింది. పటేలుకు నువ్వే జవాబు చెప్పుకో ఇగ!"

ఎనకకు అడుగువెట్టాలె నేను. ఆ వయసు ఆడపిల్లలు అదే చేస్తరు. నేను చీపురు కింద పడేసిన.

"అవును, ముట్టుకున్న. రోజూ ముట్టుకున్న. నేను ముట్టుకున్నప్పుడు మూల లేవలే. నువ్వు ముట్టుకున్నప్పుడే లేసింది. కోపం ఇనుముకు ఎవ్వల మీదనో సూస్కో."

బాపమ్మ చెయ్యి లేసింది. నా చెంప మీద పడకముందే లోపల నుంచి బాపు గొంతు వచ్చింది, వణుక్కుంట. "కొట్టకు అవ్వా. దాన్ని చెయ్యనియ్యి."

గొంగడి కప్పుకొనే గోడ పట్టుకొని వచ్చి గడపల కూలవడ్డడు. బల్లను చూసిండు. కాకను ఒక్క మాట అనలే. నాకు మాత్రం చెప్పిండు: "కాక కొట్టిన పొడుగు అంచును రంపంతోని తీసెయ్యాలె. మేజ ఒక వేలంత సన్నమైతది, ఏం కాదు. లేసిన మూల గూడ దాంతోనే పోతది. అడ్డం ఒకటి అయిపోయింది. రెండో అడ్డం కొట్టి, అటెన్క పొడుగులు కొట్టు. తడక తియ్యుండ్రి, ఎలుతురు రానియ్యి."

తడక తీసిండ్రు. దాసుకొని చేసిన పని ఇప్పుడు వాడకట్టు మొత్తం చూడవట్టింది. పువ్వుకు పోయిన పిల్లలు గూడ ఒళ్లె తంగేడు పట్టుకొని వచ్చి నిలవడ్డరు. రంపం కాకనే పట్టిండు. పట్టకుంటె పటేలు ముంగట నవ్వులపాలు ఐతడని ఎరుకే.

నేను పావడ కాసె పోసి కట్టుకున్న. ఆముదం గుడ్డ రందా అడుగుకు రాసి రెండో అడ్డం కొస మీద పెట్టిన. నడుముతోని నూకిన. అడ్డం కట్టె గట్టి, గరగర అంటది, పొట్టు గూడ చుట్ట రాదు, పొడిపొడి రాల్తది. నడిపిచ్చుకుంట పోయిన. మెట్టు కనవడ్డది. ఉబ్బు కనవడ్డది. ఆఖరి నూకుడుకు మూల కాడ చిన్న పెచ్చు లేసింది.

"సూసిండ్రా! సూసిండ్రా! దీనికి గూడ లేసింది!" అని కాక చప్పట్లు కొట్టిండు.

కూసున్నోల్లంత గొల్లున నవ్విండ్రు. నేను తల ఎత్తలే. పొడుగు అంచు దిక్కుకు మల్లిన. ఇక్కడ కట్టె మెత్తగ పలికింది. చుట్టలు చుట్టలుగ పొట్టు నా మోచేతుల మీద పడవట్టింది. రందా ఎంత దిగితె ఆ పెచ్చు అంత అరిగింది. సగం అయ్యేవరకు పెచ్చు లేదు. మొత్తం అయ్యేవరకు మూల, చేప నోరు మూసుకున్నట్టు, గీతకు గీత కలిసి కూసున్నది.

నవ్వు ఆగింది. చుట్టల ముసలోల్లల్ల ఒకాయన లేసి వచ్చి మూల మీద వేలు పెట్టి రుద్ది, వాసన చూసి, "ఇదేందిరో, ఆముదం వాసన వస్తున్నది!" అన్నడు.

బాపమ్మ మూలకు ముక్కు ఆనిచ్చి చూసింది. నన్ను చూసింది. అవ్వ కొప్పును చూసింది. "నా ఆముదం మేజకు రాసినావే దొంగముండా!" అన్నది. కని చెయ్యి లేవలే.

తెల్లారి పటేలు మేజ తీస్కపోవటానికి జీతగాల్లను ఎంట పెట్టుకొని వచ్చిండు. అంచు పొంట చెయ్యి నడిపిచ్చుకుంట చుట్టు తిరిగిండు. "బంగ్లా పనే ఇది. ఎవ్వలు కొట్టిండ్రు?" అని అడిగిండు.

కాక దగ్గిండు. బాపు నోరు తెరిచేటోడే. "నేను కొట్టిన పటేలా" అన్న.

పటేలు మీసం కింద నవ్విండు. మల్ల మొఖం ముడిచిండు. "ఆడపిల్ల కొట్టిందా? తాసిల్దారు తినే మేజ ఇది. ఆడపిల్ల చేసిన దాని మీద పెద్దమనిషికి తిండి ఎట్ల పెడ్తం?"

కొట్టం మూల నుంచి అవ్వ గొంతు వచ్చింది. అవ్వ పటేలు ముంగట మాట్లాడుడు అదే మొదలు. కొంగు నెత్తి మీది నుంచి దించలే, కండ్లు పైకి ఎత్తలే. "మరి ఆ తిండి వండేది ఎవ్వలు పటేలా? మీ ఇంట్ల మగోల్లేనా?"

జీతగాల్లు నవ్వు ఆపుకోలేక మేజ కాళ్లు పట్టుకొని వంగిండ్రు. పటేలు కండువ దులుపుకొని, "ఎత్తుండ్రి, ఎత్తుండ్రి, పొద్దువోతున్నది" అన్నడు. మేజ పోయింది. తాసిల్దారు దాని మీదనే తిన్నడు. ఆయనకు ఏమీ కాలే.

అయినా దసర నాడు కాక ఎనక్కి తగ్గలే. పొద్దుగాలనే స్నానం చేసి, కొత్త పంచె కట్టి పలక ముంగట కూసున్నడు. బాడిసె, రంపం, ఉలులు, రందాలు, పసుపు పూసి వరుసగ ఉన్నయి. గారెలు కాలుతున్న వాసన, కొట్టంల ఊదు పొగ. ఎవ్వల పనిముట్టుకు వాల్లు బొట్టు పెట్టుకుంట వచ్చిండ్రు. అంచు రందా వంతు వచ్చేవరకు కాక భరిణె దిక్కు చెయ్యి సాపిండు.

నేను ముందుగాలనే భరిణెల వేలు ముంచి రందాకు బొట్టు పెట్టిన.

"తియ్యి చెయ్యి!" అన్నడు కాక. "రేపు పెండ్లి చేసుకొని పరాయింటికి పోతవు. రందా గూడ నీ ఎంట పోతదా?"

"నా చేతులు నా ఎంట రావా? రందా గూడ వస్తది."

"అన్నా, సూస్తున్నవా నీ బిడ్డను?"

"ఎవ్వలు పని చేస్తె వాల్ల బొట్టు" అన్నడు బాపు, పొగ దిక్కు చూసుకుంట. "ఈ రివాజు నేను పెట్టింది గాదు తమ్మీ, మన తాత పెట్టిండు."

కాక కండువ కొసతోని బొట్టు తుడిచేసిండు. నేను మల్ల పెట్టిన. మల్ల తుడిచిండు. మల్ల పెట్టిన. పసుపు మీద కుంకుమ అలుక్కొని రందా మొత్తం ఎర్రగైంది. నా కండ్లల్ల నీల్లు లేవు. ఆ సంగతి నాకు మంచిగ యాదికున్నది, ఎందుకంటె కాక కండ్లల్ల ఉన్నయి.

ఆఖరికి బాపమ్మ కాలుతున్న గారెలు ఇడిసిపెట్టి వచ్చింది. "ఇగ తుడుసుడు బందువెట్టు కొడుకా" అన్నది. "ఈ పోరి భరిణె ఒడిసేదాక పెడ్తది. పండుగ పూట ఇంట్ల ముత్తైదులకు కుంకుమ లేకుంట ఐతది. నువ్వేమన్న కొనుక్కొస్తవా?"

కాక లేసిండు. ఆ రోజు మా ఇంట్ల అన్నం తినలే. జమ్మి ఆకు పెట్టి అలాయిబలాయి తీస్కునే యాల్లకు గూడ రాలే. కొట్టం నడుమ తడక పడ్డది. అటు దిక్కు నాగండ్లు, ఇటు దిక్కు మేజలు. కాక భార్య, మా చిన్నమ్మ, పలకరిచ్చుడు బందువెట్టింది. బాపమ్మ ఒక రోజు వాల్లింట్ల, ఒక రోజు మా ఇంట్ల తిన్నది. నా మొండితనంతోని ఇల్లు రెండైందని వాడకట్టుల అన్నరు. అననియ్యి. మూల లేసిన రోజే కాక ఒక్క మాట నిజం ఒప్పుకొని ఉంటె తడక పడకపోవు.

పెండ్లైనంక అత్తగారింటికి పోతున్నప్పుడు బండ్ల నా పక్కన రందా ఉన్నది. అత్త చూసి, "ఇదేందే, సారెల రోకలి తెస్తరు, రందా తెచ్చినవు?" అన్నది. మా ఆయన గూడ వడ్లాయననే. ఆయన బల్లలు చేసేది, నేను అంచులు కొట్టేది. ఊర్లల్ల అందరు ఆయన పనితనం అనే అనుకునేది. దానికి ఆయన ఎన్నడూ అడ్డం చెప్పలే, అది వేరే లొల్లి, అది గూడ ఒకనాడు రాస్త.

బాపు పోయినంక కొన్నేండ్లకు, ఎండకాలం పొద్దుగాల మా వాకిట్ల ఒక ఎడ్లబండి ఆగింది. కాక దిగిండు. చాన సన్నబడ్డడు. బండి మీద నుంచి టేకు బల్ల ఒకటి దించి గోడకు ఆనిచ్చి, అరుగు మీద కూసున్నడు. అప్పట్ల పెద్ద సర్కారు ఆఫీసులు వచ్చినయి, నాగండ్ల కంటె మేజల బేరాలే ఎక్కువైనయి. వచ్చింది ఎందుకో నాకు ఎరుకే. నేను ఇసుర్రాయి కాడ ఉన్న. మంచినీల్లు ఇచ్చిన. మల్ల పోయి చేరెడు చేరెడు జొన్నలు ఏసి ఇసిరిన, ఒడిసేదాక ఇసిరిన. కాక గోడను చూసుకుంట కూసున్నడు.

చేతులు దులుపుకొని వచ్చి ముంగట నిలవడ్డ. "ఏం కాకా, బల్ల తెచ్చినవు?"

"అంచు కొట్టియ్యాలె."

"ఎవ్వలు కొట్టాలె?"

కోడి ఒకటి వచ్చి ఆయన కాళ్ల కాడ గింజలు ఏరుకొని పోయింది. లోపల మా ఆయన దగ్గుకుంట అటు ఇటు తిరుగుతుండు, ఇగ సాలు పోనియ్యి అన్నట్టు.

"నువ్వే బిడ్డా" అన్నడు కాక. "నువ్వే కొట్టాలె."

పెద్దమనిషి నోట అట్ల అనిపిచ్చుడు తప్పని మా ఆయన ఆ తర్వాత చాన రోజులు గులిగిండు. ఇప్పుడు మా పిల్లలు గూడ అంటరు, పాపం అమ్మా, ముసలోడు అని. నేను తప్పనుకోలే. అప్పుడనుకోలే, ఇప్పుడూ అనుకుంటలే. ఆ మాట కాక అనకుంటె, ఆ రోజు ఆ రందా గూట్లెకెల్లి దిగకపోవు.